తువ్వాల కింద బేరం

నా సంతకానికి విలువ ఉందని నాకు నలభై మూడో ఏట తెలిసింది. అంతవరకూ అది గ్యాస్ పుస్తకం మీద, పిల్లదాని ప్రోగ్రెస్ కార్డు మీద తప్ప ఎక్కడా పనికొచ్చింది కాదు. మదనపల్లెలో ఒక సందులో బ్లౌజులు కుట్టుకునే మనిషిని, నా సంతకం కోసం ఎవరు ఎదురుచూస్తారు? అలాంటిది ఒక రోజు కుప్పం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఊరికే ఒక సంతకం పెట్టి పోవాల. ఫార్మాలిటీ, అంతే" అన్నాడు. పెడదామనే పోయాను. పెట్టకుండా వచ్చాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు పెట్టలేదు.

ముందు మా నాయన గురించి చెప్పాలి. తప్పు ఆయన దగ్గరే మొదలైంది.

నాయన పుంగనూరు సంతలో పశువుల దళారి. అక్కడ ఎద్దు ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, దళారి చెయ్యి ఒక తువ్వాల కింద కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు పట్టుకుంటే ఇంకో లెక్క. పైన ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు, కింద వేళ్లు బేరమాడుతుంటాయి. కుదిరితే అయిదు వేళ్లూ కలిపి గట్టిగా పట్టుకుంటారు. అంతే, బేరం అయిపోయినట్టు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. తువ్వాల కింద జరిగింది బయట చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. నాయన నలభై ఏళ్లు అలాగే బతికాడు, ఒక్క బేరంలోనూ మాట తప్పలేదు. ఆ గర్వమే కొంప ముంచింది. మునిగింది మా అన్న కొంప.

అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదని అమ్మ చెప్పేది. మనిషి ఆరడుగులు ఉంటాడు. బుద్ధి మాత్రం ఏడేళ్ల పిల్లవాడిదని డాక్టర్లు అంటారు గానీ నేను ఒప్పుకోను. ఈనలేక అవస్థపడే ఆవు పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెడ నిమురుతూ కూర్చునే ఏడేళ్ల పిల్లవాణ్ని నేనైతే చూడలేదు. మాటలు తక్కువ. కొత్తవాళ్ల ముందు అసలు నోరు విప్పడు. డబ్బు లెక్క తెలియదు, రోడ్డు దాటించాలి, మూర్ఛ మాత్రలు రెండు పూటలా దగ్గరుండి వేయించాలి.

సంతలో నాయన పక్కన ఎద్దుల పలుపులు పట్టుకుని నిలబడడం అన్న పని. బేరాలు లేనప్పుడు నాయన ఆటకు అన్న చేతిని తువ్వాల కిందికి తీసుకునేవాడు. అన్న ఒక వేలు పట్టుకుంటే ఒక బోండా, రెండు పట్టుకుంటే రెండు. కానీ గుట్టు దాచడం అన్నకు చేతకాదు. వేలు పట్టుకోగానే "బోండా" అని పైకి చెప్పేసేవాడు. చుట్టూ ఉన్న దళారులంతా నవ్వేవాళ్లు. మనసులో ఉన్నది అడగడం అన్న నేర్చుకున్నది ఆ తువ్వాల కిందే.

అమ్మ ముందే పోయింది. నాయనకు ఆయాసం ముదిరి మంచం పట్టినప్పుడు తమ్ముణ్ని కుప్పం నుంచి పిలిపించాడు. తమ్ముడికి అక్కడ బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాపు ఉంది. నేను గడపలో ఉన్నాను, అన్న మంచం పక్కన నిలబడి ఉన్నాడు. నాయన భుజం మీది తువ్వాల తీసి తమ్ముడి చేతి మీద కప్పాడు. ఆయన మోచెయ్యి కదలడం చూశాను. తమ్ముడు తలూపాడు. నాయన తువ్వాల తీసి మడిచి, "అయిపాయ. పెద్దోని సంగతి ఇంగ నాకు దిగుల్లేదు" అన్నాడు. ఎద్దు అమ్ముడుపోయినప్పుడు కొట్టినట్టే అన్న చప్పట్లు కొట్టాడు.

ఏం బేరం అయింది నాయనా అని నేను అడగలేదు. మా ఇంట్లో అడగరు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సాయంత్రం మదనపల్లె బస్సులో కూర్చున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. బరువు నా నెత్తిన పడలేదని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది దాచి మిగతాది చెప్తే నేనేదో మహాతల్లిననుకుంటారు.

నాయన పోయాక తమ్ముడు అన్నను కుప్పం తీసుకుపోయాడు. పుంగనూరు ఇంటికి తాళం పడింది. అన్న ప్రాణంగా చూసుకునే పొట్టి ఆవును సదుంలో ఒక బంధువుల ఇంటికి తోలారు. నేను ఫోన్ చేసి "బాగుండాడా?" అంటే, "బాగుండాడు" అనేవాడు తమ్ముడు. ఆ ఒక్క మాటతో నేను మళ్లీ మిషన్ తొక్కుకునేదాన్ని.

ఆ తర్వాత వచ్చింది సంతకం కబురు. పుంగనూరులో రోడ్డు పక్కన ఉన్న మా మూడెకరాలకు ప్లాట్లు వేసేవాడెవడో అడ్వాన్సు ఇచ్చాడు. భూమి నాయన పేరు మీదే ఉంది. నేను నా హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టి, అన్నతో వేలిముద్ర వేయిస్తే మొత్తం తమ్ముడిదవుతుంది. మా వైపు ఆడబిడ్డలు అలా సంతకం పెట్టడం, వాళ్లకు చీర పెట్టి పంపడం మామూలే. మా మేనత్తలు ముగ్గురూ అలాగే పెట్టారు. నేనూ నాలుగో చీర అందుకోవడానికే కుప్పం బస్సెక్కాను.

తమ్ముడి ఇంటి ముందు ఇనుప గేటు. గేటు లోపల అన్న. ఒక చెయ్యి ఊచల మీద ఉంది, రెండో చేతికి ఒక పాత పలుపు చుట్టుకుని ఉన్నాడు. ఒంటి మీద ఉతికిన చొక్కా, నున్నగా గీసిన గడ్డం. మరదలు బాగానే చూసుకుంటోంది, ఆమెను ఒక్క మాట అనలేను. గేటుకు మాత్రం తాళం వేసి ఉంది. రెండుసార్లు బస్టాండుకు నడిచిపోయి కనపడిన బస్సునల్లా పట్టుకుని "పుంగనూరు, పుంగనూరు" అన్నాడట. ఇప్పుడు రోజంతా ఏం చేస్తాడు అని అడిగాను.

"ఏం చేస్తాడు వదినా, అట్లే నిలబడుకోనుంటాడు" అంది మరదలు.

కొట్టడం లేదు, తిట్టడం లేదు, పస్తు పెట్టడం లేదు. రోజంతా చేతిలో పని ఉండే మనిషిని ఖాళీగా నిలబెట్టారు. నాకు కడుపు మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు గానీ మండింది.

లోపల టేబుల్ మీద కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. నేను చదివాను. తమ్ముడికి అది నచ్చలేదు.

"అన్న భాగం యాడుందిరా ఇందులో?" అన్నాను.

"అన్నకు భాగమేమిటికక్కా? నేను సూసుకుంటాండాను గదా. నాయన నాకు అప్పగించినాడు."

"ఏమని అప్పగించినాడు?"

"తువ్వాల కింద మాట బయట చెప్పకూడదు. నీకు తెలీదా?"

"నువ్వు సచ్చిపోతే అన్నను ఎవురు సూస్తారు? ఆ ప్లాట్ల దుడ్డు అయిపోతే ఏం పెట్టి సూస్తారు?"

"నీ నోట్లో ఒక్క మంచి మాట రాదా?"

"రాదు. అన్న భాగం అన్న పేరు మీద కాగితంలో రాసియ్యి. అప్పుడు పెడతా సంతకం."

పెన్ను బ్యాగులో వేసుకున్నాను. భోజనం మాత్రం చేసే వచ్చాను, మరదలు చికెన్ చాలా బాగా వండుతుంది.

మదనపల్లెలో నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక లాయరమ్మ ఉంది. జబ్బల కొలత విషయంలో నన్ను ఏడిపించే మనిషి. మర్నాడే ఆమె ఇంటికి పోయాను. తువ్వాల సంగతి విని చాలాసేపు నవ్వి, తర్వాత కళ్లజోడు పెట్టుకుంది. "మీ నాయన ఏమీ రాయలేదు కాబట్టి ముగ్గురికీ సమాన భాగాలు. నీకూ ఉంది, మీ అన్నకూ ఉంది. నువ్వు సంతకం పెట్టకుంటే ఆ భూమి కదలదు. మీ అన్న వేలు ఎవరో పట్టుకుని ముద్ర వేయిస్తే అది చెల్లదు. ఆయన తరఫున చట్టప్రకారం గార్డియన్ ఉండాలి" అంది.

నేను గార్డియన్ అంటే సినిమాల్లో అనాథలకు ఉంటారనుకునేదాన్ని. ఇలాంటి మనుషులకు గార్డియన్‌ను నియమించడానికి కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుందట. గార్డియన్ అయినవాళ్లు ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి, అన్న భాగాన్ని సొంతానికి వాడుకోవడానికి లేదు. ఇవన్నీ చెప్పి లాయరమ్మ నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. మీ అన్న ఎక్కడ ఉంటాడు? ఏ డబ్బుతో ఉంటాడు? నీ తర్వాత ఎవరు? మూడింటికీ జవాబు కాగితం మీద ఉంటే తప్ప నిద్రపోవద్దంది. ఫీజు ఎంతమ్మా అంటే, "రెండు బ్లౌజులు. ఈసారైనా జబ్బలు సరిగ్గా రావాల" అంది.

అప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కలకడ నుంచి మా పెద్దనాన్న చేశాడు.

"ఏమ్మా, ఆడబిడ్డవి, ఆస్తికి ఆశపడినావంటనే?"

"ఆశపడినా పెద్దనాయనా. అన్న భాగానికి ఆశపడినా, నా భాగానికీ ఆశపడినా. రెండూ వదిలేది లేదు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురిలో ఒకరు వచ్చి అన్నకు రోజూ మాత్ర ఏస్తే, వాళ్లేమనుకుంటే అదే చేస్తా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. మా ఆయన "ఇంత గొడవ అవసరమా" అని ఒకసారి అని, నా మొహం చూసి మళ్లీ అనలేదు.

అన్నకు వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ కూడా లేదు. నాయన బతికుండగా ఎవరు చెప్పినా, "నా కొడుకు మీద ముద్ర ఏయించేది లేదు" అనేవాడు. ఆయన పౌరుషం వల్ల అన్నకు ఇన్నేళ్లు పింఛను లేదు, గార్డియన్ దరఖాస్తుకు పెట్టడానికి ఆధారం లేదు. కుప్పం నుంచి అన్నను పిలుచుకొచ్చి, పెద్దాస్పత్రిలో సదరం క్యాంపు వరుసలో నిలబడినప్పుడు నాయన మీద గట్టిగా కోపం వచ్చింది. చనిపోయిన మనిషిని వరుసలో నిలబడి తిట్టుకున్నాను. నా ముందు ఒక తల్లి కూతుర్ని చంకనేసుకుని నిలబడింది. ఆ పిల్లకు పదహారేళ్లుంటాయి.

జిల్లాలు విడిపోయినాక మదనపల్లె ఒక వైపు, పుంగనూరు ఒక వైపు అయ్యాయి. మనిషి ఉండేది కుప్పంలో, భూమి ఒక ఊళ్లో, దరఖాస్తుదారు ఇంకో ఊళ్లో. ఏ కాగితం ఏ ఊరికి పోవాలో తెలుసుకునేసరికి నాకు బస్సు కండక్టర్లంతా పరిచయమయ్యారు.

ఒక మధ్యాహ్నం తమ్ముడు చెప్పాపెట్టకుండా నా షాపుకు వచ్చాడు. బ్లౌజుల కోసం వచ్చేవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. ప్లాట్లవాడికి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశానని చెప్పాడు. నేను మిషన్ ఆపలేదు.

"అక్కా, నాయన తువ్వాల కింద ఏం చెప్పినాడో చెప్తా."

మిషన్ ఆపాను.

"ఏం చెప్పలేదక్కా. ఒక్క వేలు పట్టుకోలే, లెక్క చెప్పలే. అయిదు వేళ్లూ పట్టుకోని వదల్లేదు. ఆయన చెయ్యి వణుకుతాండాది. నేను తలూపినా. తలూపక ఏం చేసేది? ఏ బేరానికి తలూపినానో నాకే తెలీదు."

నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల ఎద్దులకు ధర కట్టిన మనిషి, సొంత కొడుకు కోసం ఏం అడగాలో తెలియక ఊరికే చెయ్యి పట్టుకున్నాడు. నేను ఏడ్చాను, షాపులో గిరాకీ ఉన్నా ఏడ్చాను. నాయన మీద కోపం ఆ రోజుతో తగ్గింది. పోలేదు, తగ్గింది.

"నేను గూడా మోసం చేద్దామనుకోలేదక్కా. రాయాలంటే భయం. రాస్తే తప్పించుకోలేం గదా" అన్నాడు తమ్ముడు.

"అందుకే రాయమంటాండేది" అన్నాను.

తర్వాత పనులు జరిగాయి. భూమి మూడు భాగాలు చేయడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు. బోరున్న ఎకరమూ, పుంగనూరు ఇల్లూ అన్న పేరు మీద రాయాలని, కౌలు డబ్బు అన్న బ్యాంకు ఖాతాలోనే పడాలని లాయరమ్మ పత్రం తయారుచేసింది. గార్డియన్‌గా నా పేరు. నా వీలునామాలో, నా తర్వాత తమ్ముణ్ని నియమించమని నా కోరిక. కోరిక మాత్రమే, అప్పుడు మళ్లీ కమిటీయే నియమించాలి, కాబట్టి తమ్ముడు తన సమ్మతి విడిగా రాసి ఫైలులో పెట్టాలని లాయరమ్మ చెప్పింది. తమ్ముడు "పెడతాలేమ్మా" అన్నాడు. నెల గడిచినా పెట్టలేదు.

అన్న గురించి ఒక నోట్‌బుక్ రాసిపెట్టమని కూడా చెప్పింది. ఏం తింటాడు, ఏ మాత్ర, కోపం వస్తే ఏం చేయాలి, అన్నీ. పన్నెండు పేజీలు రాశాను. అన్న మదనపల్లెలో మా ఇంటి మేడ మీది గదిలో ఉంటాడని రాసి, గదికి సున్నం కూడా వేయించాను. అన్నీ నాకు తెలుసని నా ధీమా.

కమిటీ ముందు హాజరవమన్న రోజు ముగ్గురం పోయాం. అన్న నాయన తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు. గదిలో టేబుల్ అవతల కొందరు కూర్చుని ఉన్నారు. వాళ్లలో చంకకర్రలు పక్కన పెట్టుకున్న ఒక సభ్యుడు నా ఫైలు మూసేసి, అన్నతోనే మాట్లాడాడు.

"ఏమప్పా, మీ చెల్లెలు నిన్ను సూసుకుంటానంటాంది. నీకిష్టమేనా? నీకేం గావాలో చెప్పు."

అన్న నా వైపు తిరిగాడు. ఈ ప్రశ్న పద్నాలుగు నెలల్లో నేను అడగలేదు. తమ్ముణ్ని నిలదీశాను, పెద్దనాన్నకు బుద్ధి చెప్పాను, నాయనను తిట్టాను, పన్నెండు పేజీలు రాశాను. అన్నను ఒక్కసారి కూడా అడగలేదు.

"మాట్లాడడు సార్" అన్నాను. అంతలో అన్న భుజం మీది తువ్వాల తీసి నా చేతి మీద కప్పాడు. కింద నా చూపుడు వేలు పట్టుకున్నాడు.

"ఆవు" అన్నాడు పైకి.

ఎవరో నవ్వారు. చంకకర్రల మనిషి నవ్వలేదు. "సదుంలో ఉండాది గదన్నా, తోలుకొస్తా" అన్నాను.

రెండో వేలు పట్టుకున్నాడు. "మనిల్లు."

మేడ మీది గది, సున్నం, నా ధీమా అన్నీ పోయాయి. పుంగనూరు ఇంట్లో ఉంటానంటున్నాడు. ఆ ఇంటి పక్క వాటాలో ఒంటరిగా ఉండే ఒక ఆమెకు వంట తెలుసు, కౌలు డబ్బులో నెలకు ఇంత అని ఇస్తే ఆమె చూసుకుంటుంది, నేను వారానికి మూడు రోజులు బస్సులో రాగలను. ఇదంతా ఆ నిమిషంలోనే తట్టింది. అడిగి ఉంటే ఎప్పుడో తట్టేది. "సరే అన్నా, మనింట్లోనే" అన్నాను.

మూడో వేలు పట్టుకున్నాడు.

"నాయన సచ్చిపాయ. పాప సచ్చిపోతే?"

పాప అంటే నేను. నేను పుట్టినప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. మేమందరం అన్న తల మీదుగా ఏడాదికి పైగా మాట్లాడుకున్న ప్రశ్న అది. వినడం లేదనుకుని మాట్లాడుకున్నాం.

"తమ్ముడుండాడు గదన్నా" అన్నాను. ఫైలులో తమ్ముడి సమ్మతి కాగితం లేదని నాకు తెలుసు.

అన్న నా చేతి మీది తువ్వాల తీశాడు. లేచి వెళ్లి తమ్ముడి ఎడమ చేతి మీద కప్పాడు. తమ్ముడు అన్న మొహంలోకి చూడలేక తువ్వాల వైపు చూస్తూ, "సూసుకుంటానన్నా" అన్నాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు. ఆ ఏడాది మా ఇంట్లో వాళ్లకు నేను వెయ్యిసార్లు చెప్పి విసిగించిన మాటే, నేను చెప్పినంత గట్టిగానే చెప్పాడు.

"కాగితంలో రాసియ్యి."

చంకకర్రల మనిషి ఒక తెల్ల కాగితం తమ్ముడి ముందుకు జరిపాడు. నేను బ్యాగులోంచి పెన్ను తీసి ఇచ్చాను, కుప్పంలో లోపల వేసుకున్న అదే పెన్ను. తమ్ముడు రాశాడు. ఒకచోట కొట్టేసి మళ్లీ రాశాడు. సంతకం పెట్టి తేదీ వేశాక, అక్కడున్నవాళ్లంతా వినేటట్టు అన్నకు చదివి వినిపించాడు. అన్న మొత్తం విని, అప్పుడు తువ్వాల తీసి భుజాన వేసుకుని, అందరి ముందూ తమ్ముడి అయిదు వేళ్లూ పట్టుకున్నాడు.